ఉప్పలమ్మ పేనిన తాడు

నాచారం మార్కెట్ సందులోకి తిరగ్గానే ఎడమ పక్కన ఒక బంగారం దుకాణం, దాని ముందు నాపరాతి అరుగు. ఆ అరుగు మీద చాప, చాప మీద ఉప్పలమ్మ. ఎండ నెత్తికెక్కే వేళకు దుకాణం సేటు బయటికి వచ్చి, ఎవరూ అడక్కుండానే నీలం ప్లాస్టిక్ పట్టా ఒకటి ఆమె మీదికి లాగి కట్టి పోతాడు. ఎదుటి టమాటాల బండి మనిషి చల్లనీళ్ల సీసా ముందు ఆమెకిచ్చి తర్వాత తాను తాగుతాడు. ఇలాంటి చిన్న చిన్న దయల మీదనే లోకం నిలబడి ఉందని ఉప్పలమ్మ నమ్మకం. పొద్దున్నే ఉప్పల్‌లో షేర్ ఆటో ఎక్కేముందు అమ్మవారి గుడి వైపు తిరిగి ఆమె మొక్కుకునే మొక్కు ఒకటే. "తల్లీ, నా చేతిల కెళ్లి ఎవ్వలికి కీడు కావద్దు."

ఆమె పూసలోళ్ల ఆడమనిషి. తల్లి, అమ్మమ్మ ఊరూరా తిరిగి సూదులు, పూసలు, దువ్వెనలు అమ్మినవాళ్లు. ఉప్పలమ్మ తిరగడం మానేసి ఒకచోట కూర్చుంది, అంతే తేడా. పుస్తెలతాడు పేనడం, నల్లపూసలు గుచ్చడం ఆమె పని. నూలు పోగుల కొసను కాలి బొటనవేలికి తగిలించి, రెండు అరచేతుల మధ్య తిప్పి తిప్పి, మైనం పట్టించి, పసుపు రాసి, పుస్తెల మధ్య పగడమూ గుండ్లూ కూర్చి చేతికిస్తే అది తాడులా ఉండదు, పూలజడలా ఉంటుంది. ఆమెది ఎడమచేతి వాటం. అందుకని ఆమె పేనిక అందరి పేనికలా కుడికి కాక ఎడమకు తిరుగుతుంది. తెలిసినవాళ్లు చూడగానే "ఉప్పలమ్మది" అనేస్తారు.

ఆ చాప ముందు కూర్చోని కులం లేదు. లచ్చా అనే నల్లపూసల దండ గుచ్చించుకునే ముస్లిం కోడళ్లు వస్తారు. పుస్తె మీద శిలువ వేయించుకున్న లాలాపేట్ చర్చి వాళ్లు వస్తారు. సైన్సు ల్యాబుల క్వార్టర్లలో ఉండే కోస్తా అమ్మగార్లు, రైల్వే వాళ్లు, నాచారం ఊరి పాతకాపులు అందరూ వస్తారు. పాత తాడు విప్పి కొత్తది ఎక్కించేంతసేపూ పుణ్యస్త్రీ మెడ బోసిగా ఉండకూడదు కనుక, సన్నటి నూలుపోగుకు పసుపుకొమ్ము కట్టి ముందు అది మెడలో వేస్తుంది. ఆ తర్వాతనే పుస్తెల మీద చెయ్యి పెడుతుంది.

"ఉప్పలమ్మ చెయ్యి చల్లని చెయ్యి," అంటారు ఆడవాళ్లు. ఒకే మనువు ముత్తైదువ పేనిన తాడు నూరేళ్లు నిలుస్తుందని వాళ్ల నమ్మకం. ఆ మాట వచ్చినప్పుడల్లా ఉప్పలమ్మ తల వంచుకుని పూసలు ఏరుకుంటుంది. ఎందుకంటే ఆమెది మారుమనువు. మొదటి మొగుడు కట్టె విరిగేదాకా కొట్టేవాడు. తండ్రి కులపెద్దలను కూర్చోబెట్టాడు. అందరి ముందు ఒక పుల్ల విరిచి, చెరో ముక్క చెరో దిక్కుకు విసిరి, "నీకూ నాకూ తీరింది" అనిపించారు. పొద్దుగూకక ముందే తండ్రి వెంట నడిచి ఇంటికి వచ్చేసింది. ఆ తర్వాత మైసయ్య మనువాడాడు. ఇప్పటికీ ఆమె ఇంటికి చేరేసరికి చాయ కాచి మూతపెట్టి ఉంచే మనిషి. కానీ ఆ సంగతి ఉప్పల్ దాటి ఈ అరుగు దాకా రాలేదు. రానివ్వలేదు.

పూర్ణిమ ఆమెకు పోయిన ఏడాది పరిచయమయింది. బిక్షపతి పటేల్ కోడలు. ఒకప్పుడు ఆ ఇంటివాళ్లు వరి పండించిన నేలలో ఇప్పుడు రేకుల షెడ్లూ కిరాయి ఇండ్లూ ఉన్నాయి. కొడుకు సాయి కుమార్ అక్కడి కార్ఖానాలలో ఒకదానిలో సూపర్‌వైజర్. పూర్ణిమది ఘట్‌కేసర్. సన్నగా, తెల్లగా, మాట బయటికి రాని పిల్ల. ఆ పిల్ల తాడు నిలిచేది కాదు. ఉగాదికి పేనింది శ్రీరామనవమికి తెగింది. మళ్లీ పేనితే మళ్లీ తెగింది.

"ఎంత భక్తిగ పసుపు రాస్తున్నవో బిడ్డా, నూలు నానిపోతున్నది," అని ఉప్పలమ్మ మురిసిపోయింది. "ఈ కాలపు పిల్లలు బంగారు గొలుసుల పుస్తెలు ఏసుకొని బీరువల పెడ్తున్నరు. నువ్వు నయం."

పూర్ణిమ నేల చూపు చూసి నవ్వింది. "అవును పెద్దమ్మా."

ముహూర్తాల రోజుల్లో స్నిగ్ధ అనే పిల్ల ఒకతి చాప పక్కన చేరింది. యూనివర్సిటీలో చదువుతోందట. గుంటూరు పక్క మనిషి. ఏ మతంలో, ఏ కులంలో ఎన్ని పెళ్లిళ్లు నిలుస్తున్నాయి, ఎన్ని విడిపోతున్నాయి అన్నది ఆమె చదువు. అన్ని రకాల ఆడవాళ్లూ ఒక్కచోట దొరుకుతారని ఎవరో ఈ అరుగు చూపించారు.

"అమ్మా, మీ దగ్గరికి అందరూ వస్తారు కదా. విడాకులు ఎవరిలో ఎక్కువంటారు?" అని అడిగింది.

ఉప్పలమ్మ నోరు తెరవక ముందే చర్చి నుంచి వచ్చిన పెద్దావిడ అందుకుంది. "ఇంకెవల్ల బిడ్డా, తురకోళ్లల్ల. మూడు మాటలంటే అయిపాయె."

లచ్చా గుచ్చించుకుంటున్న ముస్లిం పిల్ల పక్కున నవ్వింది. "ఏ లోకంల ఉన్నవు ఆంటీ, అది ఎప్పుడో బంద్ అయింది. మా గల్లీల ఒక్కరు లేరు. సాఫ్ట్‌వేరోళ్లల్ల చూడు, కేక్ కోసినట్టు కోసుకుంటున్రు."

"మా వాడు సాఫ్ట్‌వేరేనమ్మా, కోడలితో నిక్షేపంగా ఉన్నాడు," అంది క్వార్టర్ల అమ్మగారు, చిన్నబుచ్చుకుని.

"వారానికి ఒక్కనాడు ఇంటికొస్తే ఎవలైన నిక్షేపంగనే ఉంటరు," అంది ముస్లిం పిల్ల.

అందరూ నవ్వారు. ఎవరి వేలు చూసినా పక్క ఇంటి వైపే చూపిస్తోంది. పూర్ణిమ పక్కన కూర్చున్న లక్ష్మీనర్సమ్మ మాత్రం నవ్వలేదు. ఆ పిల్ల అత్త ఆమె. ఇంట్లో జొన్నరొట్టె చేసిన రోజు ఉప్పలమ్మకు ఒకటి చుట్టి తెచ్చే మనిషి. పమిట సర్దుకుని, నింపాదిగా చెప్పింది. "మా దాంట్ల సున్న రాసుకో బిడ్డా. మా మామ కాలం నుంచి కోర్టు మెట్లు ఎక్కిన ఆడిది లేదు, పంచాయతీల కూసున్న ఆడిది లేదు."

స్నిగ్ధ పూర్ణిమ వైపు తిరిగింది. "మీరేమంటారు?"

"అత్తమ్మ చెప్పింది గదా," అంది పూర్ణిమ.

"విడాకులు తీసుకోకుండానే విడిగా బతుకుతున్న ఆడవాళ్లు, విడాకులు తీసుకున్నవాళ్ల కంటే ఎక్కువ మన దేశంలో," అంది స్నిగ్ధ, తనలో తాను అనుకుంటున్నట్టు. "విడిగా ఉండటానికి కూడా చోటు లేనివాళ్లను ఎట్లా లెక్కపెట్టాలో నాకు తెలియట్లేదు."

పూర్ణిమ చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

లేచి పోయేముందు లక్ష్మీనర్సమ్మ వంగి, గొంతు తగ్గించి అడిగింది. "ఉప్పలమ్మా, పుస్తెలతాడు మాటిమాటికి తెగుడు అరిష్టం. నా కొడుకుకు ఏమన్న అయితదేమోనని నాకు నిద్ర పడ్తలేదు. ఇగ తెగకుంట జర గట్టిగ పేను."

ఆ తల్లి బాధ ఉప్పలమ్మకు తగిలింది. ఇంటికి పోయి మైసయ్యను అడిగి, చేపల గాలానికి కట్టే నైలాన్ దారం తెప్పించింది. నూలు మధ్యలో దాన్ని పోగుగా పెట్టి, పైన పసుపు నూలు కనబడేలా తిప్పి పేనింది. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టి గుంజినా తెగని తాడు. దాన్ని అమ్మవారి పాదాల దగ్గర పెట్టి దండం పెట్టుకుని మరీ పూర్ణిమ మెడలో వేసింది.

తాడు తెగలేదు. పూర్ణిమ కూడా చాలా రోజులు కనబడలేదు. ఉప్పలమ్మ సంతోషించింది.

రోళ్లు పగిలే ఎండల్లో ఒకనాడు పూర్ణిమ వచ్చింది. మెడ చుట్టూ చున్నీ రెండు మడతలు వేసుకుని ఉంది. గొంతు బొంగురుపోయింది. జలుబు అంది. పుస్తె కొక్కెం వంగిపోయింది, సరిచేయమంది.

కొక్కెం చూసి ఉప్పలమ్మకు కొంత వింత అనిపించింది. అది అరిగి వంగింది కాదు. ఎవరో పిడికిట్లో పట్టి మెలిపెట్టినట్టు ఉంది. అయినా ఏమీ అనక, అలవాటు ప్రకారం పసుపుకొమ్ము దారం తీసుకుని ఆ పిల్ల వెనక్కి చేరింది. చున్నీ తొలగించి, జడ పక్కకు ఎత్తింది.

మెడ మీద అడ్డంగా ఒక గీత. ఎర్రగా కమిలి, అంచుల్లో నల్లబడి ఉంది. ఆ గీత నునుపుగా లేదు. మెలికలు మెలికలుగా, మైనం మీద ఒత్తిన ముద్రలా ఉంది. మెలిక ఎడమకు తిరిగి ఉంది.

లోకంలో ఇంకెవరి పేనిక అయినా అది కుడికి తిరిగేది.

అప్పుడు ఆమెకు పాత తాళ్లన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకు వచ్చాయి. పాతబడిన తాడు ముందర, పుస్తెలు రాసుకునే చోట పీలికలై తెగుతుంది. పూర్ణిమ తాళ్లు తెగింది ఎప్పుడూ వెనక, మెడ మీద. ఆ తెగిన కొసలు ఆమె చేతుల్లోకే వచ్చాయి. చూసింది, భక్తి అనుకుంది. ఇన్నాళ్లూ నూలు తెగబట్టే ఆ పిల్ల ఊపిరి దక్కింది. ఆ తెగడాన్ని తాను మొక్కుకుని మరీ ఆపేసింది.

పసుపుకొమ్ము దారం కట్టి, ముందుకు వచ్చి కూర్చుంది. పుస్తెలతాడు ఒళ్లో పెట్టుకుంది. "ఇది ఇయ్యాల ఇయ్య," అంది.

పూర్ణిమ తాడు కోసం చెయ్యి చాపింది. "అట్లనకు పెద్దమ్మా. ఇది లేకుంట పోతే ఊకోడు."

"ఎన్నొద్దుల సంది బిడ్డా?"

"పెండ్లయినంక రెండో నెల కెళ్లి."

"మీ అమ్మకు చెప్పినవా?"

"చెప్పిన. మన దాంట్ల ఇడుసుడు లేదు అన్నది. చెల్లె ఉన్నది పెద్దమ్మా. అక్క వాపసొచ్చిందంటే దాన్ని ఎవలడుగుతరు?" కొంచెం ఆగి, ఎవరూ వినకుండా అంది. "మొన్న తాడు తెగలే. కండ్లు తిరిగినయి. తెలివొచ్చేసరికి ఆయనే నీళ్లు చల్లుతుండె."

ఉప్పలమ్మ ఆ తాడును పూసల డబ్బా అడుగున పెట్టి మూత వేసింది. "కొక్కెం ఇరిగింది, సేటు కాడ అతుకు పడాలె, టైం పడ్తదని చెప్పు. నా పేరు చెప్పు. ఆ పసుపు దారం పట్టి గుంజితే తెగిపోతది, ఫికర్ లేదు."

మర్నాడు సాయి కుమార్ వచ్చాడు. బండి పక్కకు పెట్టి, చెప్పులు విడిచి, చాప అంచున కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట విభూతి. ఎవరికి దారి ఇవ్వాలన్నా తానే ముందు జరిగే మర్యాద.

"పెద్దమ్మా, మా ఇంట్లామె పుస్తెలు అయినయా?"

"కాలే బిడ్డా. అతుకు ఉన్నది."

"మెల్లగ కానీ." అతను ఆమె ముందున్న నూలు ఉండ చేతిలోకి తీసుకుని, ఒక పోగు లాగి తెంపాడు. ఇంకొకటి లాగి తెంపాడు. "ఈపాలి నువ్వు పేనిన తాడు మస్తు గట్టిగున్నది పెద్దమ్మా. మొదటియి ఒక్క గుంజుకే పోతుండె. నీకు మంచి చెయ్యి ఉన్నది."

నవ్వి, ఉండను ఉన్నచోటే పెట్టి లేచాడు. "రేపొస్త."

టమాటాల బండి మనిషి, "పాపం, ఎంత మంచి పిల్లగాడు, పెద్ద చిన్న ఎరుక ఉన్నది," అన్నాడు. ఉప్పలమ్మ పూసల డబ్బాను వెనక్కి జరుపుకుంది.

ఆమె ఆ పూటే చాప చుట్టేసి బిక్షపతి పటేల్ ఇంటికి నడిచింది. మగవాళ్లు లేరు. లక్ష్మీనర్సమ్మ అరుగు మీద బియ్యం చెరుగుతోంది. వచ్చిన మనిషికి ముందు మజ్జిగ ఇచ్చింది. ఉప్పలమ్మ తాగలేదు.

"అక్కా, తాడు తెగుడు అరిష్టం అన్నవు. నీ కోడలి మెడ ఎన్కకు ఎన్నడన్న చూసినవా?"

చేట ఆగింది. లక్ష్మీనర్సమ్మ అటూ ఇటూ చూసి, బియ్యంలో లేని రాళ్లు ఏరసాగింది.

"చూడకుంట ఎట్లుంట ఉప్పలమ్మా," అంది చివరికి. "నాది గూడ తెగుతుండె. వాళ్ల నాయిన చెయ్యి గట్లనే. మా కాలంల నూలు తాడే గదా. తెగేది, ఊపిరొచ్చేది. పొద్దుగాల మల్ల పేనిపిచ్చుకునేదాన్ని."

"ఇప్పటిది నూలు కాదక్కా. నువ్వు గట్టిగ అన్నవు, నేను లోపట నైలాన్ ఏసిన."

చేట ఆమె ఒళ్లోంచి జారి, బియ్యం అరుగంతా పరుచుకుంది. ఏరడానికి ఆమె వంగలేదు. లోపలికి చూసి, "పూర్ణిమా," అని పిలిచింది. ఆ పిలుపులో ఏముందో, పూర్ణిమ పరుగున వచ్చింది. "బట్టలు రెండు పెట్టుకో. మీ అమ్మ కాడికి పోదాం."

"అత్తమ్మా, ఆయన…"

"వాడు వచ్చేలోపల్నే."

ముగ్గురూ ఆటోలో కూర్చున్నారు. దారి పొడుగునా పూర్ణిమ ఫోన్ మోగుతూనే ఉంది. ఎవరూ తీయలేదు. ఘట్‌కేసర్‌లో తలుపు తీసిన తల్లి కళ్లు ముందు కూతురి ముఖం మీద కాదు, మెడ మీద పడ్డాయి.

"తాడేది?"

"నేను తీసిన," అంది ఉప్పలమ్మ. "నువ్వొకపాలి ఆ జడ ఎత్తి చూడు తల్లీ. చూసినంక రావద్దంటే తోల్కపోత."

తల్లి జడ ఎత్తింది. చూసి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. గడపలో నుంచి పక్కకు జరిగింది.

తిరిగి బయలుదేరేటప్పుడు పూర్ణిమ ఉప్పలమ్మ చెయ్యి పట్టుకుంది. "మా తల్లిగారింటి పుస్తె నాకు పంపు పెద్దమ్మా. వాళ్లది వాళ్లకియ్యి," అంది. లక్ష్మీనర్సమ్మ ఆ మాట విన్నది. వద్దనలేదు.

మరుసటి రోజు ఉప్పలమ్మ అరుగు దగ్గరికి వచ్చేసరికి ఆమె కూర్చునే చోట సాయి కుమార్ కూర్చుని ఉన్నాడు. చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్లు ఎదురుచూస్తున్నారు. వాళ్లలో పెళ్లికూతురుని వెంటబెట్టుకుని వచ్చిన ఒక తల్లి కూడా ఉంది. అతను లేచి ఉప్పలమ్మకు చోటు ఇచ్చాడు.

"మా అమ్మ ఏం చెప్తలేదు పెద్దమ్మా. నువ్వు చెప్తవని వచ్చిన. పూర్ణిమ యాడున్నది?"

"భద్రంగున్నది."

"నిన్న మీ ఉప్పల్‌ల అడిగిన." అతని గొంతు ఇంకా మెత్తబడింది. ఆమెకు మాత్రమే వినబడేలా వంగాడు. "నీది మారుమనువట గదా. ఈ అమ్మలకు ఎరుకనా? మీ దాంట్ల పుల్ల ఇరిస్తే అయిపోతది. మా దాంట్ల గట్ల కాదు. పుస్తెలియ్యి, జాగ చెప్పు. నేను ఎవలితోని ఏమన."

ఉప్పలమ్మ చాప వైపు చూసింది. ఎన్నో ఏళ్ల అన్నం ఆ చాప మీద ఉంది. అమ్మవారిని తలుచుకుంది. తర్వాత ఆడవాళ్ల వైపు తిరిగి, పూసల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది.

"అమ్మలారా, నాది రెండో మనువు. మొదటోడు కొడ్తుంటే మా నాయిన పంచాయతీల పుల్ల ఇరిపిచ్చి ఇంటికి తెచ్చుకున్నడు. గందుకే బతికున్న. ఇది ఎరుకై నా చేతి తాడు వద్దనేటోళ్లు పోవచ్చు, నాకేం కోపం లేదు."

పెళ్లికూతురి తల్లి ముఖం ముడుచుకుని, నూలు, పగడాలు సంచిలో వేసుకుని లేచింది. మరొకామె వెనకే వెళ్లింది. పెళ్లికూతురు రెండడుగులు నడిచి వెనక్కి తిరిగి చూసింది. మిగిలినవాళ్లు కదల్లేదు.

ఉప్పలమ్మ డబ్బా అడుగు నుంచి తాడు తీసింది. మొగుడు బతికున్న ఆడదాని పుస్తెలతాడుకు కత్తెర పెట్టడం ఆమె వంశంలో ఎవరూ చేయని పని. నైలాన్ ఒక పట్టాన తెగలేదు. రెండు చేతులతో కత్తెర నొక్కింది. తెగాక, రెండు పుస్తెలలో అత్తింటిది ఏరి అతని ముందు పెట్టింది. పుట్టింటిది కొంగున ముడివేసుకుంది.

"ఇది మీది. ఆ పిల్లనే ఇయ్యమన్నది."

సాయి కుమార్ ఆ పుస్తెను తీసుకుని, చొక్కా జేబులో వేసుకుని, జేబు గుండీ పెట్టుకున్నాడు. కోపం ఏమీ కనబడలేదు. చెప్పులు తొడుక్కున్నాడు. తెగిన తాడు కోసం చెయ్యి చాచాడు. ఉప్పలమ్మ దాన్ని ఒళ్లోకి లాక్కుంది.

"ఫర్వలేదు పెద్దమ్మా," అన్నాడు, బండి ఎక్కి. "తల్లిగారింటికి గాక యాడికి పోతది. ఈ పొద్దు ఘట్‌కేసర్ రోడ్డు ఖాళీగనే ఉంటది."

బండి కార్ఖానాల వైపు మళ్లలేదు. ఘట్‌కేసర్‌కు దారితీసే ఉప్పల్ వైపు మళ్లింది.

సేటు దుకాణం లోపలినుంచి అంతా విన్నాడు. గల్లా మూసి, అప్పటికే ఫోన్‌లో పోలీసులకు చెబుతున్నాడు. టమాటాల బండి మనిషి బండిని పక్కవాడికి అప్పగించి, ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తాడు. ఉప్పలమ్మ తన చిన్న ఫోన్‌లో పూర్ణిమ నంబరు నొక్కింది. మోగుతోంది, మోగుతోంది. ఎవరో ఎత్తారు. పూర్ణిమ తల్లి.

"తల్లీ, వాడు వస్తున్నడు. తలుపు పెట్టు. ఎవలు పిల్చినా తియ్యకు. మేం ఎనుకనే వస్తున్నం."

అల్లుడికి తలుపు వేయడమా అని ఆ తల్లి ఆలోచిస్తున్నట్టుంది. ఉప్పలమ్మ ఫోన్ చెవికి అదిమిపెట్టి నిలబడింది. ఆటో వచ్చి హారన్ కొడుతున్నా, తలుపు మూసుకుని ఇనుప గడియ పడిన చప్పుడు వినబడేదాకా ఆమె అరుగు దిగలేదు.